మానుకోటలో దొరికిన విదేశీయుడు

ఇప్పుడంటే ఫోను తీసి ఏ దేశం వాళ్లతోనైనా ముఖం చూసుకుంటూ మాట్లాడేస్తున్నాం గానీ, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా మానుకోటలో ఒక విదేశీయుణ్ని పట్టుకోవాలంటే మాటలా? (బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది. నోటికొచ్చేది మాత్రం మానుకోటే.) విదేశీయుడితో నాకేం పని అంటారా, నాకేమీ లేదు. పని పడింది మా మేనమామకు. ఆయన మిర్చి యార్డులో అడ్తి (కమీషన్ కొట్టు) నడిపే వ్యాపారి, ఊళ్లోని సేవా క్లబ్బుకు ఆ ఏడాది అధ్యక్షుడు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ని. మేనల్లుడినైన పాపానికి క్లబ్బుకు కార్యదర్శిని, ఫొటోగ్రాఫర్‌ని, అవసరమైతే నిచ్చెనెక్కి ఫ్లెక్సీలు కట్టేవాణ్ని.

జనగామలోనూ అలాంటి క్లబ్బు ఉంది. దాని అధ్యక్షుడు స్వయానా మామకు వియ్యంకుడు. అసలు బాధ అక్కడే ఉంది. ఉత్తమ క్లబ్బుకిచ్చే షీల్డు ఏటేటా జనగామకే పోయేది, ఎందుకంటే వాళ్లకు అంతర్జాతీయ సేవ ఉంది. ఏదో చలిదేశం నుంచి వాలంటీర్లు వచ్చి వాళ్ల బడిగోడలకు రంగులు వేసిపోయేవారు, వీళ్ల డాక్టర్లు ఎక్కడో ఆఫ్రికాలో కంటి శిబిరం పెట్టి వచ్చేవారు. మాకున్నవి రక్తదానం, చలివేంద్రం, మొక్కలు నాటడం. (మొక్కలు మారేవి, గుంతలు మాత్రం పాతవే.) మామ కూతుర్ని చూడ్డానికి జనగామ పోయినప్పుడల్లా వియ్యంకుడు సరిగ్గా ఆ షీల్డుకు ఎదురుగా కుర్చీ వేయించి, చాయ్ కప్పు చేతికిస్తూ, "బావా, గీ ఏడాదన్న మీరేమన్న చేస్తున్రా?" అని మహా ప్రేమగా అడిగేవాడు. మామకు ఆ చాయ్ గొంతు దిగేది కాదు.

ఒక సాయంత్రం అడ్తిలో కూర్చుని ఉన్నాం. బజారులో రాత్రిపూట కర్ర తాటిస్తూ, ఈల వేస్తూ కాపలా తిరిగే గూర్ఖా, నెల మామూలు కోసం వచ్చి సలాం చేశాడు. ఏళ్ల తరబడి చూస్తున్న మనిషే. మామ డబ్బులిచ్చి, అతను మెట్లు దిగుతుంటే వెనక నుంచి అదోలా చూడసాగాడు. నాకు అర్థం కాలేదు. "అల్లుడా, గీయిన ఏ దేశపోడు?" అన్నాడు. నేపాల్ అన్నాను. "నేపాల్ మన దేశమేనా?" కాదన్నాను. మామ తొడ చరుచుకుని లేచాడు. "పరదేశపోనికి మేలు చెయ్యాల్నని రూల్ల ఉన్నది గని, ఆడికే పోయి చెయ్యాల్నని ఏడన్న ఉన్నదా? మన పరదేశపోడు మన బజార్లనే తిరుగుతుండు! ఇగ జనగామోళ్లు చూడాలె!"

అలా మొదలైంది మా అంతర్జాతీయ సేవ. ఫ్లెక్సీ మీద బహదూర్ అని రాయించామని చెబితే గూర్ఖా సిగ్గుపడుతూ అది తన పేరు కాదని, ఊరంతా అలాగే పిలుస్తుంటే ఎందుకులే అని ఊరుకున్నానని చెప్పాడు. అప్పటికే ఫ్లెక్సీ అచ్చుకు పోయింది కాబట్టి మేమూ ఊరుకున్నాం. మొదట కంటి పరీక్ష. డాక్టరు చూసి, ఈయన చూపుకు వంక పెట్టడానికి లేదన్నాడు. మామ నొచ్చుకున్నాడు. "అద్దాలు ఇస్తున్నట్టు ఫొటో లేకపోతే ఎట్ల సార్?" అని ఉత్త అద్దాల కళ్లజోడు ఒకటి తొడిగించాడు. మర్నాడు షుగర్ పరీక్ష, పరగడుపున ఒకసారి, తిన్నాక ఇంకోసారి. ఆ తర్వాత కురవి రోడ్డు పక్కన ఆయన చేత మొక్క నాటించాం. ఆపైన సైకిలు బహూకరించాం. (సైకిలెక్కితే షట్టర్లకు కర్ర తాటించడం కుదరదు. పాపం, దాన్ని నడిపించుకుంటూ తిరిగేవాడు.) వీటన్నిటికీ శాలువా తప్పనిసరి. చివరికి కంప్యూటర్ శిక్షణ అంటూ రోజూ మిట్టమధ్యాహ్నం నా చేతికి అప్పగించారు. ఆయన కీబోర్డు మీద నుదురు ఆనించి నిద్రపోయేవాడు. తెర నిండా ఒకటే అక్షరం బారులు తీరేది. నా బోధన అంత హాయిగా ఉంటుందేమోనని నేను లోలోపల కాస్త పొంగిపోయిన మాట కూడా నిజం.

రాత్రంతా మేలుకునే మనిషికి పగలే రాత్రి అన్న సంగతి క్లబ్బులో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాళ్లం కదా! మా సేవలన్నీ పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా, ఎండలో ఫొటోలు బాగా వస్తాయని. ఆయన పిలిచినప్పుడల్లా వచ్చేవాడు. కాదనడం ఆయనకు రాదు. పోనుపోను బజారులో ఈల పలచబడింది. ఒక తెల్లవారుజామున బట్టల కొట్టు మెట్ల మీద, మేమిచ్చిన కళ్లజోడుతో సహా, కూర్చుని గుర్రు పెడుతూ దొరికిపోయాడు. బజారు సంఘం పెద్ద, ఇనుప సామాను కొట్టు సేటు, మండిపడ్డాడు. "నెల నెల పైసలిచ్చేది పండుకునేటందుకా? వచ్చే నెల కెల్లి ఇంకోణ్ని తెచ్చుకుంటం" అని తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నం గూర్ఖా నా దగ్గరికి వచ్చి, కంప్యూటర్ వైపు చూడకుండా నిలబడ్డాడు. "తమ్మీ, జర మీ మామకు చెప్పు. నౌకరి పోతే ఇంటికి ఏం పంపాలె? ఆడ ముసలి అమ్మ ఉన్నది, బిడ్డ బడికి పోతున్నది" అన్నాడు. కళ్లు ఎర్రగా, మామ అడ్తిలోని మిర్చిలా ఉన్నాయి. పరుగున వెళ్లి మామకు చెప్పాను. ఆయనకూ జాలేసింది. కానీ ఆశ ఆశే. "ఒక్క ఆదివారం ఆగుమను అల్లుడా. హన్మకొండ నుంచి క్లబ్బుల పెద్దసారు మన సేవ చూడ వస్తుండు. జనగామ బావను గూడ పిలిచిన. అదొక్కటి అయినంక సేటును నేను సముదాయిస్త" అన్నాడు. సేటు మాట తప్పే మనిషి కాడని మా ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ఫంక్షన్ హాలు కిక్కిరిసింది. వేదిక మీద పెళ్లిళ్లకు వాడే ఎర్ర మఖమల్ సోఫా వేసి, నడుమ గూర్ఖాను కూర్చోబెట్టారు. ఒకవైపు క్లబ్బుల మీద తనిఖీకి వచ్చిన పెద్దసారు, ఇంకోవైపు జనగామ వియ్యంకుడు. ముందు వరుసలో సేటు, బజారు జనం. మామ మైకు అందుకుని, సరిహద్దులు దాటిన మానవత్వం గురించి నేను రాసిచ్చిన ప్రసంగం మొదలుపెట్టాడు. హిమాలయాల దాకా వచ్చేసరికి సోఫాలోంచి సన్నగా గురక వినిపించింది. ఎవరో మైకును అటు తిప్పి పెట్టారు కాబోలు, ఆ గురక హాలంతా మోగింది. జనగామ వియ్యంకుడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దసారు నవ్వు ఆపుకుంటూ గూర్ఖాను తట్టి లేపి, "వీళ్లు నీకు ఇంత చేశారు కదా, ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు.

ఆయన ఉలిక్కిపడి లేచి, మైకునీ, మా అందరినీ చూసి, రెండు చేతులూ జోడించాడు. "సాబ్, మస్తు చేసిన్రు. మీ అందరికి దండం. ఇగ సేవ బస్. జర నన్ను పండుకోనియ్యుండ్రి" అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది. మామ నవ్వలేదు. ఆయన ముఖం నేనెప్పుడూ చూడనంత చిన్నబోయింది. ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన జన్మలో నెమ్మదిగా మాట్లాడి ఎరగడు, యార్డులో ఆయన గొంతు వింటే ఎడ్లు చెవులు రిక్కించేవి. అలాంటివాడు మైకు దగ్గరికి వంగి, గుసగుసగా, "సభ ఖతం. ఎవ్వలు చప్పట్లు కొట్టకుండ్రి" అన్నాడు. తర్వాత మైకు తీగ తనే పీకేశాడు. గూర్ఖా భుజం మీద చెయ్యి వేసి అదే మఖమల్ సోఫాలో పడుకోబెట్టి, అప్పటిదాకా ఆయనకు కప్పిన శాలువాలన్నీ తెప్పించి, ఒకటి తలకింద పెట్టి, మిగతావి కాళ్ల దాకా కప్పాడు. ఆ శాలువాలు అన్నాళ్లకు ఒక పనికొచ్చాయి.

ఆపైన మానుకోట చరిత్రలో అంత నిశ్శబ్దంగా బగారన్నం, కోడికూర తిన్న జనం లేరు. చెంచా చప్పుడైతే చాలు, మామ తలుపు దగ్గర నుంచి మూతి మీద వేలు పెట్టి గుడ్లురిమేవాడు. జనగామ వియ్యంకుడు పక్కకు చేరి, "బావా, గీ ప్రోగ్రాంకు ఏం పేరు పెట్టినవు?" అన్నాడు. "చప్పుడు చెయ్యకు" అన్నాడు మామ. సేటు ప్లేటు పట్టుకుని సోఫా వైపు చాలాసేపు చూశాడు. "పగలంత మనమే ఆడిస్తిమి, రాత్రి పండుకున్నడని మనమే తిడితిమి. గీ మనిషిని తీసేసే ముచ్చట ఇడిచిపెట్టుండ్రి" అని గొణిగాడు. అంతే, నౌకరి నిలబడింది. దీపాలు పెట్టే వేళకు ఆయన కళ్లు తెరిచి, ఖాళీ హాలునూ, కుర్చీలు మడుస్తున్న నన్నూ చూసి, "ఆలస్యమైంది తమ్మీ!" అంటూ కర్ర కోసం వెతుక్కున్నాడు. ఆ ముఖంలో తేటదనం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

షీల్డు సంగతి అడగకండి, అది మామూలుగానే జనగామ చేరింది. మామ ఆ తర్వాత కూడా వియ్యంకుడి ఇంటికి వెళ్లి దాని ఎదుట కూర్చుని చాయ్ తాగాడు, ఈసారి కప్పు ఖాళీ చేసి మరీ వచ్చాడు. ఇప్పుడు జుట్టు నెరిసి, నేనూ ఆ క్లబ్బులో పెద్దమనిషి వేషం కడుతున్నాను. కుర్రవాళ్లు ఉత్సాహంగా వచ్చి, ఫలానా తండాలో, ఫలానా దేశంలో, ఫలానా సేవ చేద్దాం సార్ అంటారు. నేను అన్నీ విని, "మంచిదే నాయినా, ఆళ్లు ఎప్పుడు పండుకుంటరో కనుక్కున్నరా?" అని అడుగుతాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సారుకు వయసు మీద పడుతున్నదని జాలిగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కనుక్కుని రమ్మని మాత్రం పంపిస్తాను.