ప్రభుదాస్ వామాకు తనిఖీ

డోర్నకల్‌లో ప్రభుదాస్ ఎదురుపడితే మనుషులను బాగున్నారా అని అడగడు. "చెట్టు ఎట్లుంది?" అంటాడు. చెట్టంటే వామాకు చెట్టు. అది మీ ఇంట్లో లేదంటే మీరింకా ఆయన కంటబడలేదని అర్థం. కంటబడ్డ మర్నాడే పాత పెయింటు డబ్బాలోనో, పగిలిన బకెట్లోనో ఒక కొమ్మ వచ్చి మీ గడప ముందు కూర్చుంటుంది. ఆ మరుసటి రోజు నుంచి దాని వెనకే ఆయనా వస్తాడు, తనిఖీకి.

సుమలత కంటబడటానికి పావుగంట కూడా పట్టలేదు. ఆమెది తరిగొప్పుల. డోర్నకల్ స్టేషన్‌లో టికెట్ల కౌంటరుకు బదిలీ అయి, ప్రభుదాస్ ఇంటి పక్క వాటా అద్దెకు తీసుకుంది. భర్త నగేశ్‌కు చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం, వారానికోసారి వచ్చిపోతాడు. సామాను దింపుతుంటే దుమ్ము లేచి సుమలత ఒక్కసారి తుమ్మింది. ఆ ఒక్క తుమ్ము చాలింది.

దగ్గుకు, జలుబుకు, కడుపునొప్పికి, పరీక్ష తప్పిన పిల్లలకు, మాటామాటా అనుకున్న మొగుడూపెళ్లాలకు అన్నిటికీ ప్రభుదాస్ దగ్గర ఒకటే మందు. ఆయుర్వేదంలో దీన్ని మించింది లేదంటాడు. ఆయుర్వేదం ఆయన ఒక్క పేజీ చదవలేదు. ఓ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో దగ్గితే, మూడో వరుసలోంచి లేచి వెళ్లి, తెరిచిన బైబిలు మీద రెండాకులు పెట్టి వచ్చి కూర్చున్నాడు. అప్పటి నుంచి పాస్టరుగారు ఎంత గొంతు గరగరలాడినా దగ్గకుండానే ప్రసంగం ముగిస్తున్నాడు.

సుమలతకు ఆ వాసన పడదు. ఇంటి ముందున్న ఆ డబ్బాను చూస్తేనే ముక్కు మూసుకునేది. మొహం మీద వద్దనలేక, అదే చస్తుందిలే అని ఇరవై రోజులు నీళ్లు పోయలేదు. ఆకులు ఇంకా మందమెక్కాయి. మెట్ల కింద చీకట్లో పెట్టింది. అది మెడ సాచి వెలుతురు వెతుక్కుంది. ఒకరోజు గుండె రాయి చేసుకుని వేడి గంజి కుమ్మరించింది. వారం తిరిగేసరికి నాలుగు చిగుర్లు. చివరికి సగం తుంచి వెనక గోడ అవతల మురుగు మోరీ పక్కకు విసిరేసింది. అక్కడా వేళ్లూనింది. ప్రభుదాస్ అది చూసి పొంగిపోయాడు.

"ఒకటిస్తే రెండు జేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాట వీధంతా చెప్పుకొచ్చాడు కూడా.

తనిఖీ ఉదయం ఏడున్నరకు. సుమలత నోట్లో బ్రష్షు ఉండగా సైకిలు బెల్లు మోగేది. వచ్చి, ఒక ఆకు నలిపి, కళ్లు మూసుకుని వాసన పీల్చి, ప్రశ్నలు మొదలుపెట్టేవాడు. రాత్రి కూరేం వండావని అడిగేవాడు. కూరగాయలు కడిగిన నీళ్లు చెట్టుకు మంచివట. నగేశ్ ఫోన్ చేశాడా అని అడిగేవాడు. ఇంట్లో మాట వినబడకపోతే చెట్టు దిగులు పడుతుందట. వినీ వినీ ఓపిక చచ్చి ఆమె ఆయన భార్య సుజాతమ్మకు మొరపెట్టుకుంది.

సుజాతమ్మ జాలిగా చూసింది. ఆయన రైల్వేలో కీమన్‌గా చేశాడని, ముప్పై ఆరేళ్లు రోజూ పట్టాల వెంట నడిచి ఎక్కడ ఏది వదులైందో చూసుకోవడమే పని అని చెప్పింది. "రైల్వేవోళ్లు రిటైర్ జేసిన్రు గని కాళ్లు రిటైర్ గాలేదు. మీ ఇండ్లకు రాకుంటే నా వంటింట్లకొచ్చి నిలవడ్తడు. జర ఓర్సుకో బిడ్డా" అంది.

ఇలా ఉండగా వానాకాలంలో ప్రభుదాస్ చర్చి మెట్ల మీద జారిపడ్డాడు. చీలమండ విరిగింది. ఆరు వారాలు మంచం దిగొద్దని చెప్పి డాక్టరు పిండికట్టు వేశాడు. మర్నాడు సుమలత చాలాకాలం తర్వాత తీరుబడిగా పళ్లు తోముకుంది. ఆ సుఖం ఒక్క పూటే. రెండో రోజు పొద్దున్నే గోడ అవతలి నుంచి పిలుపు వచ్చింది.

ఆమె డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి కాబట్టి పొద్దున, తను రోజూ పోయే మిగతా తొమ్మిదిళ్లూ తిరిగి చెట్లు చూసి రావాలన్నాడు. కాదనబోయి, ఆయన మంచంలోంచి చూసిన చూపుకు తలూపింది. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో చెప్పి, చివరగా రైల్వే గేటు అవతల ఉండే యాకమ్మ పేరు చెప్పాడు.

"యాకమ్మ చెట్టు జర నాజూకు. మర్చిపోకుండ చూడు."

సుమలత ఎనిమిదిళ్లు తిరిగింది. ప్రతి ఇంట్లో ఒక టీ, దానితో పాటు ఒక మోకాళ్ల నొప్పి కథ. పదకొండైంది, వాన మొదలైంది. ఇక్కడ గంజి పోసినా చావని చెట్టు అక్కడ ఒక్క రోజులో చస్తుందా అనుకుని ఇంటికి తిరిగొచ్చి, అన్నీ బాగున్నాయని చెప్పింది.

"యాకమ్మ పొయ్యి ముట్టించిందా?" అని అడిగాడు ప్రభుదాస్.

పొయ్యికీ చెట్టుకూ సంబంధమేమిటో సుమలతకు తెలియలేదు. ముట్టించిందని చెప్పింది. అన్నం ఉడుకుతోందని కూడా కలిపింది.

"ఇయ్యాల శుక్రారం గదా. యాకమ్మ ఒక్కపొద్దు. పొద్దుగూకేదాక పొయ్యి ముట్టియ్యది" అన్నాడాయన నెమ్మదిగా.

తిట్టలేదు. కట్టు వేసిన కాలు మాత్రం రెండు చేతులతో ఎత్తి మంచం మీంచి కింద పెట్టబోయాడు. సుజాతమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సుమలత సిగ్గుతో ఎర్రబడి, ఆ కాలును తిరిగి మంచం మీదికి తోసి, గొడుగు అందుకుంది.

యాకమ్మ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆ ముసలామె గొంగడి కప్పుకుని వణుకుతోంది. రెండు రోజులుగా జ్వరం. కుండలో నీళ్లు ముంచుకుందామని లేచి, కళ్లు తిరిగి మళ్లీ పడుకుందట. డెబ్బై ఏళ్ల ఒంటరి మనిషి. ఆ రెండు రోజుల్లో ఆ గడప ఎవరూ తొక్కలేదు. సుమలత చెంచాతో నీళ్లు తాగించి, ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది. డ్యూటీకి సెలవు చెప్పింది. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అంటే ఆమె తల దించుకుని విన్నది.

రెండు సెలైన్లు ఎక్కాక, సాయంత్రానికి యాకమ్మ లేచి కూర్చుంది. ఇంటికి చేర్చి జావ తాగించాక సుమలతకు వచ్చిన పని గుర్తొచ్చింది. చూరు కింద ఒక కుండ ఉంది. అందులో మట్టి తప్ప మరేమీ లేదు.

"చెట్టేది అవ్వా?"

"అది సచ్చి రెండేండ్లాయె."

"మరి ప్రభుదాస్ పెద్దనాయిన రోజు వచ్చి ఏం జూస్తడు?"

"కుండ జూస్తడు. మంచిగుంది అంటడు. నేన్గూడ మంచిగనే ఉందంట. చాయ్ దాగి పోతడు."

"సచ్చిందని చెప్పలేదా?"

"ఆయనకు కండ్లు లేవా?" అంది యాకమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "నోరు దెరిచి చెప్తే ఇంకోటి తెచ్చి పెడ్తడు బిడ్డా. నాకు ఆ వాసన పడది."

తిరిగి వస్తుంటే సుమలతకు నవ్వు ఆగలేదు. గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా నిలబడి, ఊరికే ఆ తొమ్మిదిళ్లూ తలచుకుంది. భర్త పోయినామె, కొడుకు పలకరించని ముసలాయన, నడుము లేవని టీచరమ్మ, ఇంకా అలాంటి వాళ్లే. ఒక్క ఇంట్లోనూ ఇద్దరు లేరు. పదో ఇల్లు తనదే. తనకు చెట్టిచ్చింది తుమ్మినందుకు కాదన్నమాట.

ప్రభుదాస్ మేలుకునే ఉన్నాడు. సుమలత జ్వరం సంగతి, సెలైన్ల సంగతి, జావ సంగతి అన్నీ చెప్పింది. రాత్రికి సుజాతమ్మ వెళ్లి తోడు పడుకుంటానందని కూడా చెప్పింది. ఇదంతా మరెవరి సంగతో అన్నట్టు ఆయన పైకప్పు చూస్తూ విన్నాడు.

"గది సరే. చెట్టు ఎట్లుంది?"

"చిగురేసింది పెద్దనాయినా."

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు. సుమలత రెప్ప కూడా వేయలేదు.

"ఎన్ని చిగుర్లు?"

"మూడు."

"నీళ్లు ఎక్కువ పొయ్యొద్దని చెప్పినవా?"

"చెప్పిన."

"మంచిగ చేసినవ్" అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి ఆయన ఆపుకున్న నవ్వుకు మంచం కిర్రుకిర్రుమంటూ ఊగసాగింది. కాలు నొప్పి ఎక్కువైందా అని సుజాతమ్మ వంటింట్లోంచి కంగారుగా అడిగింది.