అత్తమ్మ వద్దన్న తీపి

మొన్న కోదాడలో మా అక్క మనవరాలి పెళ్లికి వెళ్లి, హైవే పక్క ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర నేను చూసిన వైభోగం మీకు చెప్పకపోతే నాకు తిన్నది అరిగేట్టు లేదు. ఒక మూల పూలదండలు కట్టి, ‘షుగర్ ఉన్నవారికి ప్రత్యేకం’ అని బోర్డు పెట్టి, దాని కింద బెల్లం జిలేబీలూ, తేనె పోసిన బొబ్బట్లూ, నేతిలో ముంచి తీసిన ఖర్జూరం లడ్లూ రాశులు పోశారు. మన ఈడువాళ్లంతా బెల్లానికీ చక్కెరకూ చుట్టరికమే లేనట్టు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. అది చాలదన్నట్టు నా ఎదురుగా కూర్చున్న మా వియ్యంకుడి తమ్ముడు, పళ్లెంలో పప్పన్నం ఉండగానే చొక్కా పైకెత్తి, బొడ్డు పక్కన ఇన్సులిన్ పెన్నుతో పొడుచుకుని, అదే చేత్తో జిలేబీ తుంచుకుంటూ, రెండు పాయింట్లు ఎక్కువేసుకుంటే ఎంత తిన్నా ఏం కాదని నాకే ఉపదేశం మొదలుపెట్టాడు. నాకు రోత పుట్టింది. సూదిని చూసి కాదు, సూది నా తల్లి కూడా చివరి రోజుల్లో వేసుకుంది. మందును తిండికి టిక్కెట్టులా వాడుకునే ఆ సిగ్గులేనితనం చూసి. నా పక్కన మా ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెను ఆకుకూరతో తింటున్నాడు, తల కూడా ఎత్తలేదు.

ఇలాంటివి చూసినప్పుడల్లా నాకు మా అత్తమ్మ గుర్తొస్తుంది. త్రిపురారంలో కాలువ నీళ్ల కింద రెండు పంటల వరి పండే ఇంట్లో, మూడు పూటలా అన్నం తినడమే మర్యాద అనుకునే రోజుల్లో, ఆమెకు షుగరు బయటపడింది. అప్పటికి మా చుట్టాల్లో ఆ జబ్బు ఎవరికీ లేదు. మిర్యాలగూడ డాక్టరు చెప్పిందంతా విని ఇంటికొచ్చి, వాకిట్లో అందరినీ నిలబెట్టి, “ఇయ్యాల్టి సంది నాకు తీపి లేదు, ఎవ్వలు పెట్టొద్దు, ఎవ్వలు అడగొద్దు” అని చెప్పేసి కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. ఆ మాట మీద చివరిదాకా నిలబడ్డది. పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా కొంగులో రొట్టె కట్టుకుని పోయేది. గుళ్లో ప్రసాదం పెడితే కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టేది. బారసాలకు పిలిచినవాళ్లు మా ఇంటి తీపి నీకు చేదా అని మొహం ముడుచుకుంటే, వాళ్ల మొహం వాళ్లిష్టం అన్నట్టు లేచి వచ్చేది. ఊళ్లో ఆమెకు పొగరుబోతు అని పేరు పడింది. కొత్త కోడలిగా నాకూ ఆ పేరు సరైనదే అనిపించేది.

ఇంకొకటి చెప్తే మీరు నవ్వుతారు. పొద్దు గుంకకముందే, ఇంకా వెలుతురుండగానే మెట్టు మీద కూర్చుని, చిన్న అద్దం నేల మీద పెట్టుకుని తన అరికాళ్లు తనే చూసుకునేది. వేళ్ల సందులు నన్ను చూడమనేది. కళ్లు మూసుకుని కాళ్లు చాపి, డాక్టరు నేర్పాడంటూ చీపురుపుల్ల కొసతో నన్ను అక్కడక్కడా తాకించమని, తగిలిన చోటల్లా ఊఁ కొట్టేది. గరిడేపల్లిలో మా అమ్మ నన్ను గారాబంగా పెంచి పంపితే, ఇక్కడ ముసలామె పాదాల దగ్గర పుల్ల పట్టుకుని కూర్చోవడమేమిటని నాకు ఒళ్లంతా కంపరమెత్తేది. ఆ పని అయ్యాక సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కునేదాన్ని, ఆమె చూస్తుండగానే.

ఆ తల్లి కడుపున పుట్టిన మా ఆయనకు మాత్రం ఆమె మొండితనం రవ్వంత కూడా రాలేదు. మిర్యాలగూడలో రైసు మిల్లులో సూపర్‌వైజరుగా చేరి, మేం అక్కడే కిరాయి ఇంట్లో ఉన్నప్పుడు, నడివయసులో ఆయనకూ షుగరు వచ్చింది. మనిషి మంచివాడు, మొహమాటస్తుడు. ఎవరు ఛాయ్ ఇచ్చినా వద్దనలేడు, ఎవరి కొడుకు పాసైనా పేడా కాదనలేడు. మొహమాటానికి పోతే కడుపైందని సామెత ఊరికే పుట్టలేదు. ఆ మిల్లులో ఆయనలాగే షుగరున్నవాళ్లు నలుగురైదుగురు పోగై ఒక ఆచారం పెట్టుకున్నారు, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏవగింపే. నెలకొకసారి అందరూ కలిసి ల్యాబుకు పోయేవాళ్లు. పోయే ముందు రెండు రోజులు మడి కట్టుకున్నట్టు జొన్నరొట్టె, కాకరకాయ రసం, పొద్దున్నే కాలువ గట్టు మీద నడక. పిల్లలు పరీక్షకు రాత్రంతా చదివినట్టన్నమాట. రిపోర్టులు చేతికి రాగానే ఎవరి నంబరు తక్కువొస్తే వాళ్లు గెలిచినట్టు, గెలిచినవాడు మిగతా అందరికీ అక్కడే బస్టాండు పక్కన మిర్చిబజ్జీలూ, వేడివేడి జిలేబీలూ పెట్టించాలి. నేను చూసిన నెలల్లో మా ఆయనే ఎక్కువగా గెలిచేవాడు. గెలిచి, మూతికి పాకంతో ఇంటికొచ్చి నాకు ఆ కాగితం చూపించి మురిసిపోయేవాడు. ఆ రెండు రోజులు పోతే మిగతా నెలంతా ఏం తిన్నాడో ఆ కాగితం చెప్పదు కదా అని నేనంటే, నీకు మా అమ్మ పూనింది అనేవాడు.

ఒక ఎండాకాలం మిల్లులో ఉడకబెట్టిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. మీలో మిల్లులు చూసినవాళ్లకు తెలుసు, ఆ సిమెంటు కల్లం మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. వడ్లంటే లక్ష్మి, చెప్పులతో తొక్కరాదు. కూలీలైనా ఓనరైనా చెప్పులు గట్టు కింద విడిచి, కళ్లకద్దుకుని ఎక్కాల్సిందే. ఎండలు ముదిరితే కూలీలు పొద్దున్నో సాయంత్రమో మాత్రమే ఎక్కేవాళ్లు, వాళ్ల కాళ్లకు మంట తెలుసు గనక. మబ్బు పట్టిందని కంగారుపడి మా ఆయన మిట్టమధ్యాహ్నం ఎక్కి, వడ్లు కుప్ప చేయించేదాకా అక్కడే తిరిగాడు. మిగతావాళ్లు గోనెసంచులు పరుచుకుని గెంతుతుంటే తను మాత్రం తాపీగా నడిచాడట. నీ భక్తికి కాళ్లు కూడా కాలవు సారూ అని మెచ్చుకున్నారట. ఆ పొగడ్త కూడా ఇంటికొచ్చి చెప్పుకున్నాడు. కాలకపోవడం కాదు, కాలింది తెలియకపోవడం. షుగరు ఆయన పాదాల్లో స్పర్శను ఎప్పుడో తినేసింది.

నాకు తెలిసింది వాసనతో. ఇంట్లో ఎలుక చచ్చిందేమోనని మంచాల కిందంతా వెతికాను. తర్వాత నేల మీద ఒక పాదానిదే తడి ముద్ర వరసగా కనిపించింది. మనిషిని కూర్చోబెట్టి కాలు పైకి తీస్తే, బొటనవేలి కింద బొబ్బ ఎప్పుడో చితికి, లోపలికి గుంట పడి, పసుపుపచ్చగా కారుతోంది. ఆయనేమో పేపరు చదువుకుంటూ ఏమైందే అని అడుగుతున్నాడు. నేను పెరట్లోకి పోయి వాంతి చేసుకుని వచ్చి ఆటో పిలిచాను.

సూర్యాపేటలో పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. మూడు నెలల సంగతి ఒకేసారి బయటపెట్టే రక్తపరీక్ష చేసి, డాక్టరు ఆ కాగితం మా ఆయన ముందు పెట్టాడు. రెండు రోజుల తపస్సులు ఆ పరీక్ష దగ్గర చెల్లవు. రెండు వేళ్లు ఎలాగూ పోతాయి, షుగరు అదుపులోకొచ్చి చీము ఆగితే పాదం నిలుస్తుంది, ఆగకపోతే మోకాలి కింద దాకా తీయాలి, ఈ వారమే తేలుతుంది అన్నాడు. అంటే ఆ వారం మా ఆయన నోట్లోకి పోయే ప్రతి ముద్దా ఆయన కాలితో ముడిపడి ఉంది.

అప్పుడు మొదలైంది మన చుట్టాల ప్రేమ. పేషెంటును చూడటానికి వట్టి చేతులతో పోరాదు కదా. ఆత్మకూరునుంచి వచ్చినవాళ్లు బ్రెడ్డూ గ్లూకోజు బిస్కెట్లూ, మిల్లువాళ్లు యాపిళ్లూ హార్లిక్సు సీసాలూ, మిగతా అందరూ సంచుల కొద్దీ బత్తాయిలు. మన జిల్లాలో బత్తాయికి కరువెక్కడిది. మంచం కింద అవి మగ్గిపోయి, పక్క మంచాలవాళ్ల పుండ్ల వాసనా, ఈ పుల్లటి వాసనా కలిసి, ఈగలు ముసిరి, అక్కడ కూర్చోవడమే నరకంగా ఉండేది. నేను మందులకు కిందికి పోయి వచ్చేసరికి మా అక్క కోదాడనుంచి దిగి, స్టీలు గ్లాసు నిండా బత్తాయి రసం పిండి, చక్కెర వేసి, మా ఆయన నోటికి అందిస్తోంది. సగం తాగేశాడు. నేను గ్లాసు లాక్కుంటే మా అక్క కళ్లల్లో నీళ్లు. “మనిషి వాడిపోయి ఉన్నాడే చెల్లీ, పండ్ల రసమే గదా, ఏమైద్ది?” అంది. మరి నువ్వెందుకు తాగావని మా ఆయన్ని అడిగితే, వదినె కష్టపడి పిండింది, వద్దంటే బాధపడుతుందని అన్నాడు. కాలు పోయేట్టుంటే ఈయనకు మా అక్క మనసు నొచ్చుకోవడం గురించి బెంగ. ఆ సాయంత్రం షుగరు ఎగబాకిన తీరు చూసి నర్సు మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టనీ అనుకున్నాను.

మర్నాడు అత్తమ్మ వచ్చింది. కొడుకు మొహం కాదు, ముందు కట్టు విప్పించి కాలు చూసింది. తర్వాత మంచం కిందికి వంగి, ఆ సంచులన్నీ ఒక్కొక్కటే బయటికి లాగించి, వార్డు బయట కాపలా అతనికి ఇచ్చేయమంది. మిగిలిన రసం అందరి ముందూ సింకులో పారబోసింది. ఆపైన స్టూలు తెప్పించుకుని గుమ్మంలో కూర్చుంది. వచ్చినవాళ్ల చేతులే ముందు చూసేది. “నా కొడుకు మీద ప్రేమ, పావురముంటే ఉట్టి చేతులతోని రాండ్రి, లేకుంటే గాన్నించే మర్లిపోండ్రి” అనేది. తల్లి అయ్యుండి కొడుకు నోటికాడి కూడు తీస్తోందని కొందరు మెటికలు విరిచారు. మా అక్క ఆ గుమ్మంలోనుంచే వెనక్కి తిరిగి పోయి చాలా కాలం మా గడప తొక్కలేదు. కానీ ఆ వారమంతా అత్తమ్మ చెప్పినప్పుడు, చెప్పినంత తిండి తప్ప ఏదీ లోపలికి పోలేదు. రెండు వేళ్లు పోయాయి. పాదం నిలిచింది.

ఆ తర్వాత మా ఇంట్లో సంసారం మారింది. వేళకు తిండి, వేళకు మాత్ర, అన్నం గిన్నెతో కొలిచి, కూర దండిగా. తిన్నాక కాసేపు నడక, ఇంట్లోనూ చెప్పులు, స్నానం నీళ్లు ముందు నా మోచేత్తో చూడటం, సాయంత్రం అద్దం పట్టుకుని అరికాళ్లు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, రోజూ చేయాలి, అంతే. ఆయనకు అన్నిటికంటే కష్టమైంది తిండి కాదు, వడ్ల మీద కాలుకు ఏదో తొడుక్కుని ఎక్కడం. దానికోసం ఒక జత కొత్త గుడ్డ బూట్లు మిల్లులోనే ఉంచి, నేల తొక్కనివ్వకుండా గట్టు మీదే తొడిగి, అక్కడే విప్పేవాడు. మొదటిసారి అవి వేసుకుని ఎక్కిన రోజు ఇంటికొచ్చి లక్ష్మి పటం ముందు చెంపలేసుకున్నాడు.

అత్తమ్మ ఎనభై దాటి, నిద్రలోనే పోయింది. స్నానం చేయించేటప్పుడు పాదాలు నా వంతుకొచ్చాయి. అన్నేళ్ల షుగరులో ఒక పుండు లేదు, ఒక మచ్చ లేదు. ఆమెను పొగరుబోతు అన్న ఆడవాళ్లు కూడా నీళ్లు పోస్తూ అదే చూస్తున్నారు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లు ఇష్టంగా తినేవి ఆకులో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం కదా. పొయ్యి దగ్గర కూర్చున్నాక, ఏ తీపి చేయాలని ఎవరో అడిగారు. ఎవరికీ తెలియలేదు. అన్నేళ్లు ఆమెతో బతికిన నాకూ తెలియలేదు. ఆమెకు అసలు తీపి గిట్టదనే మేమంతా అనుకున్నాం. అప్పుడు మా ఆయన గోడకానుకుని, తన చిన్నప్పుడు పరమాన్నం వండిన రోజు, అందరూ తిన్నాక అమ్మ వెనకింట్లో ఒక్కతే కూర్చుని, గిన్నె అడుగున మాడిన బెల్లం వేలితో గీరి గీరి తినేదనీ, వెళ్లి అడిగితే తనకు కూడా పెట్టేది కాదనీ చెప్పాడు. నేను పరమాన్నం వండి, అడుగు కాస్త మాడనిచ్చాను.

ఇప్పుడు ఇంటింటికీ షుగరు చూసే మిషను ఉంది, సందుకొక ల్యాబు, మాటకొక మందు. వద్దు అనే నోరే ఎక్కడా లేదు. ఎవరికి ఏ తీపి ఇష్టమో అడగాల్సిన పని కూడా లేదు, పోయేదాకా మన ఎదురుగానే తింటారు గనక అందరివీ అందరికీ తెలుసు. మా అత్తమ్మకేది ఇష్టమో తెలియడానికి మాత్రం ఆమె పోవాల్సి వచ్చింది.