సగం లివర్, సగం మనసు

ప్రమోషన్ దరఖాస్తులో ఒక గడి ఉంది, మీ పరిశోధనాంశం ఒక్క మాటలో రాయండి అని. ఆ గడి దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. అచ్చయిన నా పేపర్ల జాబితా చూస్తే సగం లివర్‌లోని రోగనిరోధక కణాల మీద, సగం మనసు కుంగుబాటు మీద. ఇవన్నీ రాసింది ఒక్క మనిషేనా అని నాకే అనుమానం వచ్చింది. మా అమ్మకైతే ఆ అనుమానం ఎప్పటి నుంచో ఉంది. "ఎవులైనా అడిగితే ఏటని సెప్పాలే? కార్జెం డాక్టరనా, పిచ్చి డాక్టరనా?" అంటుంది. నేను అసలు వైద్యమే చెయ్యను, ల్యాబులో రక్తం పరీక్షించేదాన్ని అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కదు.

మొదలైతే లివరే. విజయనగరంలో పీహెచ్‌డీ చేసేటప్పుడు లివర్ ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళ రక్తం సేకరించడం నా పని. అప్పట్లో ఆ జబ్బుకు ఇప్పటిలా మాత్రలు కావు, నెలల తరబడి ఇంజెక్షన్లు. అవి కొందరి మనసును కుంగదీస్తాయని పుస్తకాల్లో ఉంది. "ఎలాగూ రక్తం తీస్తున్నావు, నాలుగు ప్రశ్నలు కూడా అడిగెయ్" అన్నారు మా గైడు. అడిగేశాను. మన ప్రాంతం వాళ్ళ మనసు అంతగా కుంగడం లేదని తేలింది. కుటుంబం అండగా ఉండబట్టే అని మేమొక వ్యాఖ్యానం కూడా చేర్చాం. ఆ పేపరుకు వచ్చినంత పేరు నా లివర్ పేపర్లు వేటికీ రాలేదు. సైకియాట్రీ సభలకు పిలిచారు, వెళ్ళాను. మనసు మీద తర్వాత రాసినవన్నీ దాని మీదే కట్టాను. చదివింది ఒకటి, పేరొచ్చింది ఇంకొకటి.

దరఖాస్తుతో పాటు, ఆనాడు రోగుల జవాబులు రాసుకున్న ఫారాలు చూపించమన్నారు. అట్టపెట్టె దించి చూస్తే ప్రతి జవాబు పక్కనా పెన్సిలుతో నా చేతిరాతే. బావ. భార్య. అన్న. మళ్ళీ బావ. అవేమిటో కాసేపు అర్థం కాలేదు. ఫారం పైన రోగి పేరు చూశాక వెలిగింది. ఆ జవాబులు చెప్పింది రోగులు కాదు, వెంట వచ్చిన వాళ్ళు.

మా వైపు ఆసుపత్రికి ఎవరూ ఒంటరిగా రారు. వెంట వచ్చినవాడు మాట్లాడతాడు, జబ్బు మనిషి పక్కన కూర్చుంటాడు. అదొక మర్యాద. మా నాన్నను తీసుకెళ్ళినప్పుడు నేనూ అంతే, ఆయన్ని నోరు తెరవనివ్వను. అందుకే అప్పుడు నాకు తప్పుగా తోచలేదు. కోటబొమ్మాళి నుంచి వచ్చిన రైసుమిల్లు మనిషి ఒకాయన బాగా గుర్తు. నిద్ర పడుతోందా అని అడిగితే ఆయన ఫ్యాను వైపు చూశాడు, వాళ్ళ బావ నవ్వాడు. "నిద్దరకేటమ్మా, కుంభకర్ణుడే. ఆడికేటీ నేదు, రాసీసుకో." రాసేసుకున్నాను. పేపర్లో మాత్రం "రోగులు తెలిపారు" అని ఉంది.

ఆ పేపరు తప్పయితే జాబితాలో సగం కూలుతుంది, దాంతో ప్రమోషనూ పోతుంది. కానీ తప్పేనా? బావలు నిజమే చెప్పి ఉండొచ్చు కదా. ఒక పూట అలా, ఒక పూట ఇలా అనిపించింది. ఎవరి మీదో తెలియని కోపం. చివరికి ఆ రైసుమిల్లు ఆయన ఫారం మీది చిరునామా పట్టుకుని ఆదివారం కోటబొమ్మాళి బస్సెక్కాను.

ఆయనదీ, బావదీ పక్కపక్క ఇళ్ళే. బావే నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. మిల్లు ఆయనకు జబ్బు నయమైంది, మనిషి గట్టిగానే ఉన్నాడు. ఆ ఇంజెక్షన్ల రోజుల్లో మీ మనసెలా ఉండేదండీ అని అడిగాను.

"బెమ్మాండంగా ఉండీవోడమ్మా" అన్నాడు బావ.

ఇక ఆగలేకపోయాను. "మిమ్మల్ని కాదండీ, ఆయన్ని అడుగుతున్నాను!" అనేశాను. పెద్దాయన్ని పట్టుకుని అంత మాటన్నందుకు వెంటనే సిగ్గేసింది. మిల్లాయన తన చేతులు చూసుకుంటూ చెప్పాడు.

"బతకాలనిపించీది కాదమ్మా. మిల్లుకెల్తన్నానని సెప్పి రైలు టేసన్లో బల్ల మీద పొద్దల్లా కూకునీవోన్ని. ఏడుపొచ్చీది. ఎందుకో నాకే తెల్దు."

"ఒరే, మరి నాకు సెప్పనేదేట్రా?" అన్నాడు బావ.

"నువ్వే బాగున్నాడని సెప్పీసినావు కద బావ. మరింక నానేటి సెప్తాను?"

ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. బావ తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేనూ ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

బస్సు కోసం నిలబడి, రిటైరయిపోయిన మా గైడుకు ఫోన్ చేశాను. ఫారాల పక్కన ఏముందో, ఇక్కడ ఏం విన్నానో చెప్పి, ఆ పేపరు వెనక్కి తీసుకుందాం సార్ అన్నాను.

"నీ ప్రమోషనో?"

"పోతుంది సార్."

"ఒక్కడి మాట పట్టుకునా?"

"మనం నేరుగా అడిగింది ఆ ఒక్కడినే సార్" అన్నాను.