తంతి మాస్టారి చింతపిక్కలు

1. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి పోస్టుమాన్ నా రేడియో రిపేరు షాపుకొచ్చి, తంతి మాస్టారు పెనుగొలనులో కూతురింట పోయారని చెప్పాడు.
2. సోల్డరింగ్ ఐరన్ ఆపాను.
3. విప్పిన మరలు లెక్కపెట్టి డబ్బాలో వేశాను. పదకొండు.
4. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. చదివేవారు తప్పుగా అనుకోవద్దు.

ఆయన తిరువూరు పోస్టాఫీసులో టెలిగ్రాములు కొట్టేవారు. బడి చదువు లేని నాకు ఆ టక్కుటక్కుల భాష నేర్పింది ఆయనే. మాకూ, విస్సన్నపేటకూ, మరి మూడు ఊళ్ళకూ తీగ ఒక్కటే. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే రెండు కబుర్లూ పాడవుతాయి.

"ముందు విను సాయిబూ. తీగ ఖాళీగా ఉంటేనే మొదలెట్టు" అనేవారు.

ఒకనాడు విస్సన్నపేట ఆయనా, మాస్టారూ ఒకే క్షణాన మొదలుపెట్టారు. ఇద్దరూ ఆగి, పది లెక్కపెట్టి, మళ్ళీ ఒకేసారి కొట్టారు. అలా నాలుగుసార్లు.

"పది తప్ప మీకు వేరే అంకె రాదా మాస్టారూ?" అన్నాను.

"ఇద్దరికీ నేర్పినోడు ఒకడేనయ్యా! వాడికీ పదే వచ్చు!"

మర్నాటికి బల్ల మీద చింతపిక్కల డబ్బా వెలిసింది. కబుర్లు గుద్దుకుంటే చూడకుండా గుప్పెడు తీసి, ఎన్ని పిక్కలొస్తే అంతవరకూ లెక్కపెడుతూ ఆగేవారు. మళ్ళీ గుద్దుకుంటే రెండు గుప్పెళ్ళు. విస్సన్నపేటకూ అదే నేర్పారు.

ఆయన రిటైరైన రోజు మాట మీద మాట వచ్చింది. "ఇక తంతికి మనిషే అక్కర్లేదు మాస్టారూ" అని నేనూ, "కాయితం లేని చదువూ ఒక చదువేనా" అని ఆయనా ఒకేసారి అన్నాం. ఇద్దరం ఆగిపోయాం. మళ్ళీ పలకరించుకోకుండానే ఎనిమిది నెలలు గడిచాయి.

రెండు నెలల క్రితం బెజవాడ పాత పుస్తకాల కొట్టులో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. అమెరికాలో ఒకే కేబులుకు చాలా కంప్యూటర్లు తగిలించారట. ప్రతిదీ ముందు వింటుందట. కబుర్లు గుద్దుకుంటే ఆగి, ఒక్కొక్కటి ఒక్కో లెక్కన, అదీ ముందుగా అనుకోని లెక్కన, వేచి ఉంటుందట. మళ్ళీ గుద్దుకుంటే ఆ గడువు పెరుగుతుందట. యంత్రాలు మాస్టారి పద్ధతిలోనే మాట్లాడుకుంటున్నాయి. ఆయనకు చదివి వినిపించాలని పత్రికకు అట్ట వేశాను. ముందు ఆయనే పలకరిస్తారని ఆగాను.

పెనుగొలను వెళితే ఆయన కూతురు నాకు చింతపిక్కల డబ్బా ఇచ్చింది.

"మీ సంగతి ఎత్తితే, 'తీగ ఖాళీగానే ఉందమ్మా, సాయిబు ఇంకా వింటున్నాడు' అనేవారండి."

డబ్బా తీసుకుని తిరిగొచ్చాను.

ఇవాళ షాపులో పత్రిక పక్కన డబ్బా పెట్టి, చూడకుండా గుప్పెడు తీశాను. ఇరవై మూడు. అంతవరకూ లెక్కపెట్టి, మొదటి పుట తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు.
షేక్ ఖాదర్ మస్తాన్