వదినగారి ఐదో నంబరు వుడ్

మా వదినగారు పోయారు. మంగళవారం పొద్దున వార్డు నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ తీసి, విని, రిసీవరు నా చేతికిచ్చి, హాల్లో కొక్కేనికి వేలాడుతున్న అక్కయ్య వానకోటు దగ్గరికి వెళ్లి, దాని జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఛాతీలో నెమ్ము చేరిందని ఆస్పత్రిలో చేర్చిన ఐదో రోజు అది. ఆవిడకి డెబ్బై రెండేళ్లు.

బుధవారం మధ్యాహ్నం మరో ఫోను. ఈసారి గోల్ఫ్ క్లబ్బు సెక్రటరీ. విచారం వెలిబుచ్చాడు, క్లబ్బుకి తీరని లోటన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు. అతను ఇంగ్లీషులోనే మాట్లాడాడు, నేను తెలుగులో వేస్తున్నాను.

"ఆవిడ పేరు మీద ఒక కప్పు పెడదామని కమిటీ ఆలోచన. ఆడవాళ్ల కప్పు. ఏటా ఒక శనివారం."

"శనివారం ఎన్నింటికి?" అన్నాను.

అటు కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"రెండు దాటాక. ఎప్పట్లాగే."

ఆలోచించి చెబుతానన్నాను. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. కానీ ఎందుకు లేదో మీకు చెప్పాలంటే ఆపిల్ చెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో వదినగారి ఇంటి వెనక ఒక ఆపిల్ చెట్టు ఉంది. ఒట్టి పుల్లటి కాయలు. ఇక్కడివాళ్లు వాటిని చక్కెరలో ఉడకబెడతారు, ఆవిడ ముక్కలు కోసి ఆవకాయ పెట్టేవారు. కాకినాడ నుంచి మంత్రసాని ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మామిడికాయ దొరక్క మొదలైన అలవాటు, దొరకడం మొదలయ్యాక కూడా మానలేదు. కింది కొమ్మల కాయలు చేతికందుతాయి. పై కొమ్మల కోసం ఆవిడ పాత సామాన్లమ్మే ఒక చారిటీ షాపు నుంచి పొడుగాటి కర్ర ఒకటి తెచ్చుకున్నారు. చివర బరువైన తల. దాన్ని కొమ్మకి తగిలించి ఊపితే కాయలు జలజలా రాలేవి. రెండు శరదృతువులు అలా గడిచాయి. మిలీనియం అంటూ లోకమంతా హడావుడి పడుతున్న రోజులవి.

ఒకనాడు కంచె అవతల నుంచి పక్కింటి ఇంగ్లీషు ముసలాయన చూసి ఉండబట్టలేక అన్నాడట:

"మేడమ్, క్షమించాలి. మీ చేతిలో ఉన్నది ఐదో నంబరు వుడ్. దానితో చేసే పని వేరే ఉంది."

"ఏం పని? చూపించండి."

ఆయన కంచె దాటి వచ్చి, రాలిన కాయ ఒకటి గడ్డి మీద పెట్టి కొట్టాడు. కాయ వెళ్లి ఆయన షెడ్డు తలుపుకే తగిలి పచ్చడైంది.

"ఇంతేనా?" అని వదినగారు ఇంకో కాయ పెట్టారు.

ఆ ఏడు మాకు ఆవకాయ అందలేదు.

ఇక్కడ గోల్ఫ్ ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. వుడ్ అంటారు గానీ ఇప్పుడు దాని తల ఉక్కు. ఒకప్పుడు చెక్క, ఆ పేరు అలా ఉండిపోయింది. మొదటి దెబ్బకి బంతిని చిన్న పుల్ల మీద నిలబెట్టి కొడతారు, అది ఎవరైనా కొట్టేస్తారు. తర్వాత బంతి ఫెయిర్‌వే మీద, అంటే కురచగా కోసిన గడ్డి దారిలో, నేలకి అతుక్కుని ఉంటుంది. దాన్ని దూరంగా కొట్టడానికి ఈ వుడ్. నంబరు పెరిగేకొద్దీ బంతి తేలిగ్గా లేస్తుంది, దూరం కాస్త తగ్గుతుంది. మాలాంటి వారాంతపు వీరులకి దాన్ని చూస్తే గుండె దడ. బంతి కింద గరిటె పెట్టి లేపాలనిపిస్తుంది. లేపబోతే కర్ర బంతి నెత్తికి తగులుతుంది. బంతి లేవదు, గడ్డిలో ఎలకలా పరిగెడుతుంది.

నా సంగతీ చెప్పాలి. నేను వాట్‌ఫర్డ్‌లో అచ్చుయంత్రం మీద పనిచేసి రిటైరైనవాణ్ని. బడి చదువు ఎనిమిదితో సరి. మిగతాదంతా ప్రెస్సులో కత్తిరించని కాగితాల మీద చదువుకున్నదే. పెద్ద కాగితం మీద సగం పేజీలు తలకిందులుగా పడతాయి. అందుకే నాకు తెలిసిన విషయాల్లో సగం తలకిందులుగా ఉంటాయని మా ఆవిడ అంటుంది. ప్రెస్సు స్నేహితులతో పడి ఆ క్లబ్బులో చేరాను. నా సంచిలో మూడో నంబరు వుడ్ ఉండేది, నిగనిగలాడుతూ. తీసి చూపించేవాణ్ని, మళ్లీ లోపల పెట్టేవాణ్ని.

వదినగారు క్లబ్బులో చేరిన మొదటి వారమే కనిపెట్టేశారు.

"మరిదిగారూ, ఆ మూడో నంబరుది ఎప్పుడూ కొట్టరేం?"

"అది కష్టమండీ. మగవాళ్లు మూడోదే వాడతారు. ఐదోది ఆడవాళ్లకీ ముసలివాళ్లకీ."

"మూడోది మీ పరువుకి. ఐదోది బంతికి. మీ పరువు ఆ పొదలో పడింది చూడండి."

నిజంగానే నా బంతి పొదలో ఉంది.

నాకు ఆ కర్ర నేర్పింది ఆవిడే. "మీరు లేపకండి. లేవడం దాని పని. మీ పని కొట్టడం," అనేవారు. ప్రసవాల గదిలో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి. ఎవరి పని ఏదో ఆవిడకి బాగా తెలుసు. మేమంతా బంతిని బతిమాలేవాళ్లం, తిట్టేవాళ్లం, నేనైతే కాకినాడ తెలుగులో. ఆవిడ ఎప్పుడూ నోరు విప్పేవారు కాదు. ఎందుకని అడిగితే, "బంతికి ఏ భాషా రాదండీ," అన్నారు. కర్ర తలకి ఆకుపచ్చ ఉన్నితో ఒక టోపీ అల్లారు, పసిపిల్లల టోపీలా, పైన చిన్న కుచ్చుతో. బొట్టు, పాంటు, నడుము దాకా వచ్చే వానకోటు, జేబులో జీలకర్ర వేసిన వక్కపొడి. ఆ కోటే ఇప్పుడు మా హాల్లో ఉంది.

ఇక శనివారం. ఆ క్లబ్బులో శనివారం పొద్దున మగవాళ్లదే. ఆడ సభ్యులు మధ్యాహ్నం రెండు దాటితే గానీ కోర్సు మైదానం మీద కాలు పెట్టకూడదు. ఎప్పటిదో రూలు. వారమంతా ఆఫీసుల్లో అలిసిపోయే మగవాళ్ల కోసమట. ఆడవాళ్లు దేనికి అలిసిపోతారో రూలు రాసినవాళ్లకి తట్టలేదు.

ఆ క్లబ్బులో ఏటా ఒక సరదా పోటీ జరుగుతుంది. ప్రతివాళ్లూ ఒకే ఒక్క కర్ర పట్టుకుని ఆట మొత్తం ఆడాలి. దూరం కొట్టినా, ఇసక గుంటలోంచి తీసినా, చివరికి గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, బంతిని గుంటలోకి దొర్లించినా అదే కర్ర. అచ్చుపని తెలిసినవాణ్నని నోటీసులు వేసే బాధ్యత కమిటీలో నాది. ఐదేళ్ల కిందట ఆ పోటీ నోటీసు నేనే వేశాను: "సభ్యులందరికీ. శనివారం, ఉదయం తొమ్మిది." అందరికీ అన్న మాట పడ్డప్పుడు నా బుర్ర ఎక్కడుందో నాకు తెలియదు. వదినగారు మాత్రం చదివారు. నోటీసు కింద పేర్లు రాసే కాగితం మీద, పక్కన తాడుకి వేలాడే క్లబ్బు పెన్సిలుతో, పేరు రాసేశారు. కర్ర అన్నచోట: ఐదో నంబరు వుడ్.

సెక్రటరీ నన్ను పక్కకి పిలిచాడు. "మీ బంధువే కదా. మెల్లిగా ఒక మాట చెప్పండి."

ఆదివారం వదినగారింటికి భోజనానికి వెళ్లాను. పప్పు వడ్డించారు, వంకాయ వడ్డించారు, పెరుగు దాకా వచ్చాం. వంకాయ బాగుందని రెండుసార్లు చెప్పాను.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?" అన్నారు.

"అబ్బే. ఊరికే. అసలు మీకు శనివారమే ఎందుకండీ? రిటైరయ్యారు, సోమవారం కోర్సంతా ఖాళీ."

"సోమవారం ఆడటానికి నాకేం అభ్యంతరం లేదు మరిదిగారూ. శనివారం వద్దంటే మాత్రం శనివారమే ఆడతాను." మజ్జిగ మిరపకాయ నా కంచంలో వేశారు. "ఆ మగవాళ్లలో ఇద్దరిని నేనే బయటికి లాగాను. అప్పుడు శనివారం పొద్దునా కాదా అని ఎవరూ అడగలేదు."

మర్నాడు నేను చేసిన పని ఇన్నేళ్లలో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. క్లబ్బు హాల్లో ఎవరూ లేనప్పుడు ఆ తాడు పెన్సిలు తీసుకుని మా వదినగారి పేరు కొట్టేశాను. కమిటీలో ఉన్న ఒకే ఒక్క తెలుగువాణ్ని. ఆ కుర్చీ అంటే నాకు ముద్దు. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

సాయంత్రానికి ఆవిడ పేరు మళ్లీ ఉంది, ఈసారి బాల్‌పెన్నుతో. బుధవారం ఎవరో ఎర్ర సిరాతో కొట్టేశారు. గురువారం మళ్లీ ఉంది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

శనివారం తొమ్మిదింటికి మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. ముప్పైమందికి పైగా మగవాళ్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఇనుప కర్ర, వుడ్డుకన్నా దూరం తక్కువ, ఇసకలో తేలిక. వదినగారు ఆకుపచ్చ టోపీ పెట్టిన వుడ్డు చంకలో పెట్టుకుని వచ్చారు. ఆపేయడానికి వీల్లేదు, నోటీసులో అందరికీ అని ఉంది. కానీ ఒక చిక్కు ఉంది. గోల్ఫ్‌లో ఎవరి దెబ్బలు వాళ్లే లెక్క రాసుకుంటే చెల్లదు. పక్కన ఆడేవాళ్లలో ఒకరు మార్కరుగా ఉండి కార్డు రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే ఆడినా ఆడనట్టే.

"ఈవిడ కార్డు ఎవరు రాస్తారు?" అని సెక్రటరీ అడిగాడు.

అందరూ బూట్లు చూసుకున్నారు. అన్ని జతల బూట్లకి ఒక్కసారిగా అంత గౌరవం దక్కడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ నా బూట్లు చూసుకున్నాను. ఎంతసేపని చూస్తాను? పైకి చూస్తే వదినగారు నన్ను చూడటం లేదు. దూరంగా జెండా వైపు చూస్తున్నారు. నన్ను అడగరు. అడిగే మనిషి కాదు. అడిగితే బాగుండేది, వద్దనడానికైనా వీలుండేది.

"నేను రాస్తాను," అన్నాను.

పక్కకి వెళ్లి నిలబడితే మెల్లిగా తెలుగులో అన్నారు: "మోకాళ్లు చలికి పట్టేశాయి. ముందు మీరు కొట్టండి, ఈలోగా వేడెక్కుతాయి."

ఆ ఆట గురించి ఎంతైనా చెప్పగలను, ఎక్కువ చెప్పను. పొడుగాటి దారుల్లో మగవాళ్లు ఏడో నంబరు ఇనుప కర్రతో నాలుగు దెబ్బలు కొట్టినచోటికి ఆవిడ మూడింటిలో చేరారు. ఇసక గుంటలో మాత్రం వుడ్డు పనికిరాదు. ఒకచోట ఆరు దెబ్బలు పట్టాయి. వెనక గుంపు వాళ్లు ఈలలు వేశారు. ఆవిడ ఆరు దెబ్బలూ కొట్టి, అక్కడున్న దంతెతో ఇసకంతా తీరిగ్గా చదును చేసి, వాళ్లకి దారి ఇవ్వకుండా నడిచారు.

"నాలుగు వేయమంటారా?" అని నేను గుసగుసలాడాను.

"ఆరు. ఆరుని ఆరు అనే రాయండి."

గ్రీన్ మీద అదే కర్రని కింద దాకా పట్టుకుని, వంగి, బంతిని దొర్లించేవారు. చివరి గ్రీన్ దగ్గర బంతి గుంటకి జానెడు దూరంలో ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ వెళ్లి దాన్ని లోపలికి నెట్టి, వంగి తీసి, తుడిచి జేబులో వేసుకున్నారు.

కార్డు మీద సంతకం పెట్టడానికి నేను జేబులోంచి పెన్సిలు తీశాను. ఆవిడ తన పెన్ను ఇచ్చారు.

"దీంతో పెట్టండి. మీ పెన్సిలు గీత చూశాను. ఎంత తిన్నగా గీశారండీ! ప్రెస్సు చెయ్యి ఎక్కడికి పోతుంది?"

ఆ పెన్నుతోనే సంతకం పెట్టాను.

"పదండి, టీ చల్లారిపోతుంది," అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఫలితాల కాగితం మీద సెక్రటరీ ఆవిడ పేరు వేయలేదు. లెక్క ప్రకారం పదకొండో స్థానం. నాది ఇరవై మూడు. ఆ మరుసటి ఏడు నోటీసులో ఒక్క మాట మార్చమన్నారు: అందరికీ తీసేసి పురుష సభ్యులకి అని వేయమన్నారు. నేను వేయనన్నాను, కుర్చీ వదిలేశాను. బయట వేయించుకున్నారు, అక్షరాలు వంకరగా పడ్డాయి. వదినగారు సోమవారాలు ఆడేవారు, గురువారాలు ఆడేవారు, శనివారం సరిగ్గా రెండింటికి మొదటి దెబ్బ కొట్టేచోట నిలబడేవారు, ఎవరైనా ఆలస్యంగా ఆట ముగిస్తుంటే గడియారం చూసేవారు.

అంత్యక్రియలు అయిన రోజు మా ఆవిడ అడిగింది: "ఆ సెక్రటరీకి ఏం చెప్పారు?"

"ఇంకా చెప్పలేదు. కప్పు వద్దంటే బాధపడతారేమో, పాపం..."

"మళ్లీ పెన్సిలు తీస్తున్నారా?" అంది.

మర్నాడు ఫోను చేశాను. ఆవిడ పేరు మీద కప్పు పెట్టాలంటే పొద్దున తొమ్మిదింటికి పెట్టండి, రెండింటికైతే ఆ పేరు మీకివ్వం అన్నాను. కమిటీలో చర్చించాలన్నాడు. చర్చించుకోండి అన్నాను. బతికున్నప్పుడు కాగితం మీద చోటివ్వని పేరుని ఇప్పుడు వెండి మీద చెక్కుతారా!

అంతటితో ఊరుకోలేదు. ఈ ఏటి ఒంటికర్ర పోటీ కాగితం క్లబ్బు హాల్లో తగిలించారు, అదే పురుష సభ్యుల నోటీసు కింద. నేను వెళ్లి మొట్టమొదటి వరసలో మా వదినగారి పేరు రాశాను, ఆవిడ పెన్నుతోనే. కర్ర: ఐదో నంబరు వుడ్. మార్కరు: నా పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ఇంతసేపూ ఆవిడ పేరు చెప్పలేదేమని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ పేరు ఉండాల్సిన చోట ఉంది, వెళ్లి చదువుకోండి.

ఇవాళ్టికి ఆరు రోజులు. పొద్దున్నే వెళ్లి చూసి వస్తున్నాను. ఆ కింద పేర్లు చేరుతున్నాయి, వాళ్ల ఇనుప కర్రల నంబర్లతో సహా. ఆవిడ పేరుని ఎవరూ కొట్టేయలేదు. పోయిన మనిషి పేరు మీద గీత గీయడానికి చెయ్యి రావడం లేదు కాబోలు. ఎవరో పెన్సిలు కొత్తగా చెక్కి పెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాలికి అది తాడు మీద ఊగి, కాగితానికి దగ్గరగా వచ్చి, తగలకుండా వెనక్కి పోతోంది.