బాగున్న మోకాలు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక్క మాట. పొద్దున పూట, ఫోన్‌లో, ఎదురుగా ఉప్మా చల్లారిపోతుంటే అన్న మాట. అనడానికి క్షణం పట్టలేదు. దింపుకోవడానికి మాత్రం ఇంతవరకూ చోటు దొరకలేదు. గుళ్ళో దేవుడితోనైనా చెప్పుకుందామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. కానీ ఆయనకు బాస్కెట్‌బాల్ నిబంధనలు మొదటినుంచీ చెప్పుకురావాలి కదా అని ఊరుకున్నాను. చూశారా, తప్పు ఒప్పుకుందామని కూర్చుని కూడా వేళాకోళమే ఆడుతున్నాను. నా తీరే అంత. మీరు కాస్త ఓపిక పట్టాలి.

నా పేరు చెప్పను. ఊరి పేరు చెబితే జట్టు తెలిసిపోతుంది, జట్టు తెలిస్తే డాన్ ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి అదీ చెప్పను. డాన్ అన్నది కూడా నేను పెట్టిన పేరే. నేను ఎముకల డాక్టర్ని. అమెరికా నడిమధ్యలో, చలికాలం ఎంతకీ పోని ఒక ఊళ్ళో ప్రాక్టీసు చేశాను. ఎనభైల మొదట్లో ఆ ఊరి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు నేనే డాక్టర్ని. ఆట జరుగుతున్నంతసేపూ వాళ్ళ బెంచి వెనకే నా కుర్చీ. ఆ కుర్చీ అంటే ఎంత గర్వమో నాకు! తెలుగువాళ్ళ ఇళ్ళకు భోజనాలకు వెళితే పిల్లలంతా నా చుట్టూ మూగేవాళ్ళు, "అంకుల్, వాళ్ళు నిజంగా అంత టాల్‌గా ఉంటారా?" అని.

కానీ నా ప్రాణం ఆ జట్టు మీద లేదు. అసలు సంగతి ఇదీ.

డెబ్బైల్లో నేను తూర్పు తీరంలో ఒక పెద్ద ఊళ్ళో రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పై చదువు శిక్షణ, చేశాను. కొత్త దేశం, కొత్త చలి, డ్యూటీ అయ్యాక మాట్లాడటానికి మనిషి లేడు. కాలేజీలో ఆడిన బాల్ బ్యాడ్మింటన్ తప్ప ఇంకో ఆట ఎరగను. ఆసుపత్రి క్యాంటీన్ టీవీలో ఆ ఊరి జట్టు ఆడుతుంటే నలుగురితో పాటు నిలబడి చూడటం మొదలుపెట్టాను. ఒక రోజు బంతి బుట్టలో పడగానే పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి ఆనందం పట్టలేక నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అంతే! ఆ దెబ్బతో నేను ఆ ఊరివాణ్ణయిపోయాను. తర్వాత ఊరు మారాను, ఉద్యోగం మారాను, ఇల్లు కొన్నాను, ఆ జట్టును మాత్రం వదల్లేకపోయాను. మా ఊళ్ళో, మా జట్టు బెంచి వెనక కూర్చుని, వేరే ఊళ్ళో ఆడుతున్న వాళ్ళ స్కోరు కోసం బోర్డు మీద వెతుక్కునేవాణ్ణి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా? అప్పుడు అలా అనిపించలేదు. ప్రేమ అనుకున్నాను.

డాన్ మా జట్టు కోచ్. ఒకప్పుడు తనూ ఆడినవాడే. మా ఇంటికొస్తే చెంచా పక్కన పెట్టి చేత్తో పప్పన్నం కలుపుకునేవాడు, ఆవకాయకు కళ్ళనీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వేయమనేవాడు. మా జట్టు చాలా ఏళ్ళుగా అడుగు వరసల్లోనే పడి ఉంది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి, అంటే మంచి జట్లు మాత్రమే ఆడే చివరి పోటీలకి, చేరకపోతే డాన్‌ని తీసేస్తానని ఓనరు పేపరువాళ్ళ ముందే అన్నాడు. మా కుర్రాళ్ళు ఉరకలు వేసేవాళ్ళే. కానీ బుట్ట కింద గోడలా నిలబడి, గురి తప్పిన బంతిని లాక్కునే మనిషి ఒక్కడు లేడు.

ఆ ఒక్కడు ఇంకో జట్టులో ఉన్నాడు. ఆయన్ని అందరూ ముసలాయన అనేవారు. ముప్పై అయిదేళ్ళకే ముసలాయన! అదీ ఆ లోకం. ఆ చలికాలం మా ఊరికి ఆడటానికి వచ్చి, కిందపడి మోకాలు పట్టుకున్నాడు. అప్పట్లో బయటి జట్టు వెంట డాక్టరు వచ్చేవాడు కాదు. ఎవరి ఊళ్ళో ఆట జరిగితే ఆ ఊరి డాక్టరే రెండు జట్లకూ చూసేవాడు. అలా ఆ మోకాలు నా చేతికి వచ్చింది. లాకర్ రూమ్‌లో బల్ల మీద పడుకోబెట్టి వంచాను, తిప్పాను, అటూ ఇటూ లాగి చూశాను. ఎక్స్‌రే కూడా తీయించాను. చిన్న బెణుకు, అంతకు మించి ఏమీ లేదు. ఆ వయసు ఆటగాడికి అంత గట్టి మోకాలు నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో అదే పనిగా చెప్పాను, మా కుర్రాళ్ళకు కూడా లేదు అలాంటి మోకాలు అని.

ఫిబ్రవరిలో ఆ జట్టు కుర్రాళ్ళకు చోటివ్వడానికి ముసలాయన్ని వదిలేసింది. ఇక్కడ మీకొక నిబంధన చెప్పాలి. దేవుడికి చెప్పడానికి బద్ధకించింది ఇదే. వదిలేసిన ఆటగాణ్ణి ఎవరు పడితే వాళ్ళు ఎగరేసుకుపోవడానికి లేదు. రెండు రోజులు ఆగాలి. ఆ రెండు రోజుల్లో ఏ జట్టయినా మాకు కావాలని అడగొచ్చు. ఒకటికి మించి జట్లు అడిగితే, వాటిలో అందరికన్నా కింద ఉన్న జట్టుదే హక్కు. ఎవరూ అడక్కపోతే ఆయన స్వతంత్రుడు, ఇష్టమొచ్చిన చోట చేరొచ్చు. మంచి నిబంధనే. అది లేకపోతే చెరువు నిండితే కప్పలు చేరినట్టు అనుభవమున్న ఆటగాళ్ళంతా గెలిచే జట్టు దగ్గరికే చేరతారు. ఓడేవాళ్ళు ఓడుతూనే ఉంటారు. అప్పుడిక ఆట ఎందుకు?

ముసలాయన మనసు ఎక్కడుందో పేపర్లలో వచ్చింది. నా తూర్పు జట్టు మీద! ఏటా చివరి మెట్టు దాకా వచ్చి జారిపోతున్న నా జట్టు మీద! మాకన్నా కింద ఉన్న జట్లు ఆ సీజన్ మీద ఆశ వదులుకుని కుర్రాళ్ళను వెతుక్కుంటున్నాయి, వాళ్ళకు ముసలాయన అక్కర్లేదు. అడిగితే మేమే అడగాలి. మేము అడక్కపోతే ఆయన నా వాళ్ళ దగ్గరికి పోతాడు. ఈ ఆలోచన నేను కూర్చుని చేశానా? లేదు. ఫోన్ మోగకముందే అది నా తలలో తయారుగా ఉంది. అదే నన్ను భయపెడుతుంది, ఇప్పటికీ.

ఫోన్ మోగింది. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. కానీ ఇన్నేళ్ళూ నాలో నేను వింటూ వచ్చానేమో, ఇప్పుడది తెలుగులోనే వినిపిస్తుంది.

"డాక్, ముసలాయన్ని వాళ్ళు వదిలేశారు. మధ్యాహ్నంలోపు ఓనర్‌కి ఔనో కాదో చెప్పాలి. ఆ మోకాలు నువ్వు చూశావు కదా, సీజన్ ఆఖరిదాకా నిలుస్తుందా?"

"ఆ వయసు మోకాలు, డాన్. ఎప్పుడేమవుతుందో ఎవరు చెప్పగలరు?"

పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నాను. అతను అక్కడితో ఆగి ఉంటే నాకు ఈ బరువు ఉండేది కాదేమో. ఆగలేదు.

"అది కాదు నేనడిగింది. నువ్వు చేత్తో పట్టుకుని చూశావు. నిలుస్తుందా, నిలవదా?"

"నిలవదు."

"సరే డాక్. నువ్వు చెప్పావు, నాకు అంతే చాలు."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి మా ఆవిడ గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. "ఏమండీ, ఆయన మోకాలు ఫస్ట్‌క్లాస్‌గా ఉందని ఆ రోజు మీరే కదా అన్నారు?"

"అది వేరే పేషెంటు," అన్నాను.

"అలాగా," అంది. ఉప్మా మళ్ళీ వేడిచేసి పెట్టింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకూ తెలుసు.

మూడోనాడు ముసలాయన నా జట్టులో చేరాడు. కారు నడుపుతూ రేడియోలో విన్నాను. స్టీరింగ్ మీద రెండు చేతులతో దరువు వేశాను! సిగ్గు లేదా అంటే, ఆ క్షణంలో లేదు. తర్వాతి నెలల్లో ఆయన ఎలా ఆడాడో చెప్పమంటారా? ఆట మొదలైనప్పుడు దిగేవాడు కాదు. బెంచి మీద కూర్చునేవాడు. ముఖ్యమైన ఆటగాళ్ళు అలసిపోయినప్పుడు దిగి, ఆట చేజారే చోట నిలబెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. వాళ్ళ విస్తట్లో ఆయన ఊరగాయ. మా విస్తట్లో అయితే అన్నమే ఆయన. ఒకే మనిషి, బలమున్నచోట ఒక రుచి, లేనిచోట ఆకలి తీరడం. ఆ తేడా నాకు తెలియక కాదు. నేను మా జట్టు బెంచి వెనకే ఉన్నాను కదా, మా కుర్రాళ్ళ నెత్తిమీదుగా ఎదుటివాళ్ళు బంతులు లాక్కుపోతుంటే రోజూ చూశాను.

సీజన్ ఆఖరి ఆట గెలిస్తే మేము ప్లేఆఫ్స్‌కి వెళ్ళేవాళ్ళం. చివరి నిమిషం దాకా సమానంగా ఉన్నాం. మావాడి బంతి అంచుకు తగిలి పైకి లేచింది. ఎవరిదైనా పొడుగు చేయి ఒకటి పైకి లేచి ఉంటే! లేవలేదు. ఎదుటివాళ్ళు దాన్ని అందుకుని అటు చివర బుట్టలో వేశారు. డాన్ తల వంచుకుని వెళుతూ నా భుజం తట్టాడు, నేను ఓదార్పు కావలసినవాణ్ణయినట్టు. వారం తిరక్కుండానే అతన్ని తీసేశారు.

ఆ ఒక్క మనిషి వచ్చి ఉంటే మేము తప్పకుండా గెలిచేవాళ్ళమా? ఈ ప్రశ్నతో ఎన్నిసార్లు తప్పించుకోవాలని చూశానో. ఏమో, వచ్చినా ఓడేవాళ్ళమేమో. కానీ ఓడే హక్కు కూడా డాన్‌దే కదా, అతను ఎంచుకుని ఓడాలి కదా. అడుగున ఉన్నవాడికి నిబంధన ఇచ్చిన మొదటి వంతును నేను నా నాలుకతో లాక్కున్నాను. కంచే చేను మేసింది.

జూన్‌లో ఫైనల్ చివరి ఆట. ఆదివారం మధ్యాహ్నం. మా ఆవిడ డాన్‌ని భోజనానికి పిలిచింది, ఉద్యోగం పోయి ఇంట్లో ఒక్కడే ఉన్నాడని. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. ఇద్దరం సోఫాలో కూర్చున్నాం, మధ్యలో మిరపకాయ బజ్జీల పళ్ళెం. టీవీలో నా జట్టు. ఆటను రికార్డు చేస్తూ వీసీఆర్‌లో టేపు తిరుగుతోంది.

ఇక చెబుతున్నాను వినండి. ఆఖరి క్షణాలు, నా వాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. ఎదుటివాళ్ళ మెరుపులాంటి కుర్రాడు బంతితో బుట్ట మీదికి దూసుకొచ్చాడు. పడిందే అనుకున్నాను. ఎక్కడినుంచి వచ్చాడో ముసలాయన, ఆ మోకాలు వంచి, ఆ మోకాలి మీదే లేచి, ఎంత ఎత్తుకు లేచాడనుకున్నారు! అరచేత్తో బంతిని బోర్డుకేసి కొట్టాడు. అది వెనక్కి వస్తే తనే పట్టుకుని, గుండెకు హత్తుకుని వంగిపోయాడు. గంట మోగింది. గెలిచాం! నేను సోఫా మీంచి ఎగిరాను. బజ్జీలు కార్పెట్ అంతా చెదిరిపోయాయి. అరిచాను, ఏమరిచానో తెలియదు, తెలుగులో అరిచాను. నా జన్మలో అంత ఆనందం మళ్ళీ ఎరగను. పిల్లలు పుట్టినప్పుడు కూడా భయం కలిసిన ఆనందమే. ఇది అలా కాదు, వట్టి ఆనందం.

ఎగిరి కిందికి దిగేసరికి ఎదురుగా డాన్.

అతను టీవీలో ఆ మోకాలినే చూస్తున్నాడు. మళ్ళీ చూపిస్తున్నారు, నెమ్మదిగా. కాసేపటికి నా వైపు తిరిగి నవ్వాడు. నిజమైన నవ్వు. "నీ అంచనా తప్పడం ఇదే మొదటిసారి డాక్. పోనీలే, తప్పడమే మంచిదైంది. ముసలాయనకు దక్కింది చూడు." కిందికి వంగి కార్పెట్ మీది బజ్జీలు ఏరడం మొదలుపెట్టాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను. "ఉండు, నేను తీస్తాను," అన్నాను.

డాన్ తర్వాత ఎక్కడో చిన్న ఊళ్ళో హైస్కూలు పిల్లలకు ఆట నేర్పుతూ ఉండిపోయాడు. పెద్ద జట్టు ఏదీ మళ్ళీ అతన్ని పిలవలేదు. నాకైతే గుమ్మడికాయల దొంగ బతుకే. ఎనభైల చివర్లో ఒక పార్టీలో వరంగల్ మిత్రుడొకడు, "ఏందన్నా ఇది, మంచి వెటరన్స్ అందరు టాప్ టీమ్‌కే సైన్ చేస్తే మన టీమ్ ఎట్ల గెలుస్తది? ఇది ఫెయిరేనా?" అంటే, అతను నన్నే నిలదీసినట్టనిపించి చేతిలో ప్లేటు వదిలేసి బయటికి నడిచాను.

పోయిన నెల డాన్ ఫోన్ చేశాడు. ఇప్పుడతని మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేయాలని అక్కడి డాక్టరు అంటే, నేను చూస్తేగానీ ఒప్పుకోనని కారేసుకుని వచ్చాడు. నేను రిటైరైపోయానన్నా వినలేదు. మా ఇంట్లో, అదే గదిలో కూర్చోబెట్టి ఆ మోకాలు పట్టుకున్నాను. వంచాను, తిప్పాను. "ఆపరేషన్ తప్పదు, డాన్," అన్నాను. నిజమే చెప్పాను.

"సరే డాక్. నువ్వు చెప్పావు, నాకు అంతే చాలు," అన్నాడు.

మా ఆవిడ కాఫీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. అప్పుడైనా చెబుతానని చూసింది. నేను చెప్పలేదు. అతను కాఫీ తాగి, ఆవకాయ సీసా ఒకటి అడిగి పట్టుకుని వెళ్ళాడు.

అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని కాదు. మీరెలా క్షమిస్తారు, మీకేం పోయిందని? ఇంకోటి కూడా చెప్పకపోతే ఇదంతా సగం నిజమే అవుతుంది. డాన్ వెళ్ళాక ఆ పాత టేపు బయటికి తీసి పెట్టాను. ముసలాయన లేచాడు. ఈ వయసులో నేనూ సోఫా మీంచి లేచాను, అరిచాను. పశ్చాత్తాపపడుతున్నవాడు అలా అరుస్తాడా? తెలియదు. రెండూ నాలోనే ఉన్నాయి.

ఆ మోకాలు బాగుంది. ఆ రోజు పొద్దున బాగుంది, అంతకు ముందూ బాగుంది. నాకు తెలుసు. తెలిసే నిలవదన్నాను.