కెంజి ఆటకు మేం చల్లిన కాగితాలు

ఆదివారం సాయంత్రం ఆరింటికి స్టేడియం మేనేజర్ తేల్చి చెప్పాడు: గేట్లు మూసేలోగా గోల్ వెనక స్టాండ్ శుభ్రం కాకపోతే, వచ్చే శనివారం జపాన్ అభిమానులకు అక్కడ చోటు ఉండదు. శనివారం కెంజికి అమెరికాలో ఆఖరి మ్యాచ్. ఆ స్టాండ్ నిండా కాగితాలు చల్లింది మేము.

కెంజి జపాన్ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్. సొంత దేశంలో రెండో డివిజన్‌లో మొదలుపెట్టి, జర్మనీలో ఆడి, మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాక 2010లో ఇక్కడి టెక్సస్ క్లబ్‌కు వచ్చాడు. గోల్స్ ఎక్కువ కొట్టలేదు. చేజారిన బంతి వెనక మాత్రం గీత దాటేదాకా పరుగెత్తుతాడు. మ్యాచ్ అయ్యాక మైదానమంతా నడిచి, ప్రతి స్టాండ్ ముందూ వంగి నమస్కరిస్తాడు. ఓడినా అంతే. ఈ సీజన్‌తో ఆపేస్తున్నాడని తెలిసి, ఒకసారైనా నేరుగా చూడాలని బయల్దేరాను. ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఎమ్మెస్ విద్యార్థి శ్రీకాంత్ తోడొచ్చాడు.

రెండున్నరకు కారు తీశాం. టోల్ రోడ్డు మీద ఉత్తరానికి నలభై నిమిషాలు. టికెట్ ఇరవై డాలర్లు, పార్కింగ్ పది. పక్క సీట్లో శ్రీకాంత్ ఇండియన్ స్టోర్ ప్రకటన కాగితాలు ముక్కలుగా చింపుతున్నాడు.

“ఏంట్రా అది?”

“హీరో ఎంట్రీ అన్నా. పేపర్లు ఎగరెయ్యకుండ ఎవడన్నా ఊకుంటడా?”

“అది థియేటర్ కాదు.”

“సీట్లున్నయ్, స్క్రీనుంది, హీరో ఉన్నడు. ఇంకేం గావాలె?”

నాలుగింటికి ఆట మొదలైంది. రెండో సగంలో కెంజి దిగాడు. కాగితాలు లేచాయి, గాలి వాటిని స్టాండంతా పరిచింది. కెంజి జట్టు ఓడిపోయింది. విజిల్ పడగానే జపాన్ వాళ్లంతా జేబుల్లోంచి నీలం సంచులు తీశారు. కూర్చున్న చోటు శుభ్రం చేసి వెళ్లడం వాళ్ల పద్ధతి. ఆ నమ్మకం మీదే వాళ్లను స్టాండ్‌లోకి డ్రమ్ము తెచ్చుకోనిస్తోంది క్లబ్. మేనేజర్ వచ్చింది అప్పుడే.

డ్రమ్ము కొట్టే కేకో గారు ఆ బృందానికి పెద్ద, అరవై దాటినావిడ. “మా స్టాండ్. మేమే తీస్తాం” అని ఇంగ్లీషులో చెప్పి మేనేజర్‌కు తల వంచారు. మా వైపు వేలు చూపలేదు.

శ్రీకాంత్ ముందుకెళ్లాడు. “మేడమ్, ఆ పేపర్స్ నావి.”

ఆవిడ ఒక సంచి చేతిలో పెట్టారు. “అయితే పై వరుసలు నీవి.”

ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ ఏరాం. “థియేటర్ల ఇది ఎవలు జేస్తరో ఎన్నడు సూడలే అన్నా” అన్నాడు సీటు కింద నుంచి.

అన్ని వైపులా తిరిగి కెంజి చివరికి మా స్టాండ్‌కు వచ్చాడు. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, వంగిన వీపులే ఉన్నాయి. వాటికే వంగి నమస్కరించాడు. శ్రీకాంత్ తల ఇంకా సీటు కిందే ఉంది.

మేనేజర్ మళ్లీ వచ్చి పై వరుస నుంచి కింది దాకా నడిచాడు. “సీ యూ సాటర్‌డే” అన్నాడు.

కెంజికి ఇక్కడ ఉన్న పేరు గోల్స్ పట్టికలో కనబడదు. ఓడిన సాయంత్రం కేకో గారు సీట్ల సందుల్లో చెయ్యి పెట్టి కాగితాలు తీస్తుంటే కనబడింది. మీరు వెళ్తే గోల్ వెనక టికెట్ తీసుకోండి, జేబులో ఒక ఖాళీ సంచి పెట్టుకోండి. గేట్లు శనివారం ఐదున్నరకు తెరుస్తారు, ఆట ఏడింటికి. ఈసారి కేకో గారి కారు నుంచి డ్రమ్ము మోసుకొచ్చే పని శ్రీకాంత్‌ది.